చేపలకూ చోటుండే బ్రేక్‌వాటర్: సెక్షన్ డ్రాయింగ్ నుంచి తనిఖీ దాకా

హార్బర్‌ను అలల నుంచి కాపాడే కట్టే బ్రేక్‌వాటర్. రాళ్లు పోస్తే చేపలు వాటంతట అవే వస్తాయి కదా, దానికి మళ్లీ డిజైన్ ఎందుకన్న మాట హార్బర్ పనుల్లో తరచూ వినిపిస్తుంది. అది సగం నిజం. సముద్రంలో గట్టిగా కనిపించిన దేని మీదైనా బార్నకిల్స్ (రాతికి అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు), ఆల్చిప్పలు అంటుకుంటాయి. అయితే నున్నటి పెద్ద రాళ్లు, నిటారు వాలు, ఒకే సైజు సందులు ఉన్న కట్ట మీద బతికే జాతులు సహజమైన రాతి తీరం మీద కంటే తక్కువ. నీరు తీసినప్పుడు తేమ నిలిచే గుంట ఉండదు, ఎండ తప్పించుకునే నీడ ఉండదు, చిన్న పీత దూరే సందూ ఉండదు. ఈ మూడింటినీ కల్పించడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కాకపోతే కట్టను అడ్డంగా కోసి చూపే మొదటి సెక్షన్ డ్రాయింగ్‌లోనే అవి ఉండాలి. కట్ట పూర్తయ్యాక అతికించే పలకలు, వేలాడదీసే బుట్టలు ఒక తుఫానుకు కొట్టుకుపోతాయి.

ఈ మార్గదర్శి రాళ్లతో పోసే రబుల్ మౌండ్ బ్రేక్‌వాటర్ల గురించి. ఉదాహరణకు ఉత్తరాంధ్ర తీరంలో ఒక మధ్య తరహా ఫిషింగ్ హార్బర్‌ను తీసుకుందాం. ఆటుపోట్ల మట్టాలు విశాఖపట్నంవి.

ముందు నష్టం లెక్క

బ్రేక్‌వాటర్ వల్ల వచ్చే జీవావరణం గురించి మాట్లాడే ముందు పోయేదెంతో రాసుకోవాలి. పునాది కింద పడే ఇసుక అడుగు ఎలాగూ పోతుంది. అంతకంటే పెద్ద నష్టం కట్టకు అవతల జరుగుతుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నికరంగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. తీరం నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయే ఏ కట్టయినా దక్షిణం వైపు ఇసుకను ఆపేస్తుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. విశాఖ ఔటర్ హార్బర్ దగ్గర ఇసుక కోసం ప్రత్యేకంగా సాండ్ ట్రాప్ పెట్టి, అక్కడ తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయాల్సి రావడం ఇందుకే.

ఉత్తరం వైపు బీచ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడుతుంటే ఈ లెక్క ఇంకా కఠినం. నాలుగు వందల మీటర్ల ఇసుక తీరం పోగొట్టి, నాలుగు వందల రాళ్లకు చిల్లులు పెట్టి పర్యావరణ హిత హార్బర్ అని బోర్డు కట్టడంలో అర్థం లేదు. కాబట్టి జీవావరణం పేరుతో తీసుకునే అతి పెద్ద నిర్ణయం అలైన్‌మెంట్‌దే, అంటే కట్ట ఎటు, ఎంత దూరం సాగాలన్నదే. కట్ట పొడవు తగ్గించగలమా, వాగు నోటిని గానీ కొండ ముక్కును గానీ ఆసరా చేసుకోగలమా, ఇసుకను దాటించే ఏర్పాటు ప్రాజెక్టు ఖర్చులోనే ఉందా అన్నవి తేలాకే మిగతా అడుగులు. ఇసుక దాటింపును నిర్వహణ బడ్జెట్‌కు వదిలేస్తే రెండో ఏడాదికే ఆగిపోతుంది. తవ్వే పరిమాణం, పోసే చోటు, నెలలు అన్నీ డీపీఆర్‌లో (సవివర ప్రాజెక్టు నివేదిక) రాయించండి.

అనుమతుల సంగతి క్లుప్తంగా: 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో పోర్టులు, హార్బర్లు, బ్రేక్‌వాటర్లు 7(ఇ) కింద వస్తాయి. ఏడాదికి 10,000 టన్నులు, ఆపైన చేపలు దిగే ఫిషింగ్ హార్బర్ 'బి' కేటగిరీ. సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ జోన్) 2019 కింద రాష్ట్ర కోస్టల్ జోన్ అథారిటీ సిఫార్సు కావాలి. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి, కాబట్టి అటవీ శాఖతో ముందే మాట్లాడుకోవాలి.

ఏడాది సర్వే: ఏం కొలవాలి

ఒక్క సీజన్ సర్వేతో సరిపెట్టే అలవాటు మానుకోవాలి. నైరుతి రుతుపవనాల అలలు, అక్టోబరు–డిసెంబరు తుఫాన్లు, జనవరి–ఏప్రిల్ ప్రశాంతత మూడూ కనిపించాలంటే పన్నెండు నెలలు కావాలి. అల ఎత్తు, దిశ, కాలవ్యవధి ఎలాగూ తీసుకుంటారు. దానికి తోడు కావలసినవి ఇవి:

- అడుగు నుంచి ఎంత ఎత్తు దాకా ఇసుక ఎగిరి రాళ్లను రాపాడుతోంది. దగ్గర్లో పాత గ్రోయిన్ (ఇసుకను ఆపే చిన్న కట్ట) గానీ జెట్టీ స్తంభం గానీ ఉంటే చూడండి. కింది నుంచి అర మీటరు, మీటరు దాకా ఏమీ అంటుకోని బోడి పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీలో చేసే ఏ ఏర్పాటైనా వృథా.
- నీటి మడ్డితనం, ఉప్పదనం నెలవారీగా. ఏటి ముఖద్వారం దగ్గరైతే వరద నెలల్లో ఉప్పదనం పడిపోయి ఆల్చిప్పలు చనిపోవచ్చు.
- అతి దగ్గరి సహజ రాతి తీరంలో ఏ మట్టంలో ఏ జాతి ఉంది. విశాఖ దగ్గరైతే రుషికొండ, జోడుగుళ్లపాలెం రాళ్లు ఉన్నాయి. మన కట్ట మీద ఏం బతకగలదో చెప్పే నమూనా అదే.
- పక్క హార్బర్లలో పాతుకుపోయిన పరాయి జాతులు.

ఈ చివరిది తేలిగ్గా తీసుకోకండి. మధ్య అమెరికా అట్లాంటిక్ తీరానికి చెందిన నల్లచారల మసెల్ (ఆల్చిప్ప లాంటి జీవి) 1967లో విశాఖ హార్బర్‌లో కనిపించింది, ఆ తర్వాత ముంబయికీ చేరింది. ఓడల అడుగుభాగాలకు అంటుకుని వచ్చే ఇలాంటి జీవులకు ప్రశాంతమైన నీరు, కొత్తగా పోసిన ఖాళీ రాయి రెండూ అనుకూలమే. హార్బర్ లోపలి ముఖానికి చిల్లులు, గుంటలు పెట్టకపోవడానికి ఇదొక కారణం. చమురు, మురుగు, తక్కువ ఆక్సిజన్ రెండో కారణం. జీవావరణ ఏర్పాట్లన్నీ కట్ట బయటి ముఖం మీదా, కొసకు దగ్గరి మూడో వంతు లోపలి ముఖం మీదా పెట్టండి.

ఎవరికోసం కడుతున్నాం

ప్రెజెంటేషన్లలో రంగురంగుల పగడాలు చూపించడం మామూలైపోయింది. నదుల మడ్డి నీరు కలిసే ఈ తీరంలో పగడపు దిబ్బ పెరుగుతుందని మాటివ్వకండి. నిజంగా వచ్చేవాళ్లు వేరే: రాతి ఆల్చిప్పలు, పచ్చ మసెల్స్, బార్నకిల్స్, నాచు, రాతి పీతలు, గోబీలనే చిన్న చేపలు, పిల్ల గ్రూపర్లు, స్నాపర్లు, రాతి సందుల లాబ్‌స్టర్లు. వీటిలో మూడు నాలుగింటిని లక్ష్యంగా పెట్టుకుంటే కొలతలు వాటంతట అవే తేలతాయి. బార్నకిల్, ఆల్చిప్ప లార్వాలకు 1–5 మిల్లీమీటర్ల గరుకుదనం కావాలి. నత్తలకు, చిన్న పీతలకు 15–50 మి.మీ. గుంటలు, గాళ్లు. పిల్ల చేపలకు 50–150 మి.మీ. సందులు. పెద్ద గ్రూపర్‌కు, లాబ్‌స్టర్‌కు 200–400 మి.మీ. అడ్డ గుహలు, అవీ నీడలో. మామూలు బ్రేక్‌వాటర్‌లో పెద్ద సందులు కావలసినన్ని ఉంటాయి. లేనివి చిన్నవి. మన శ్రమంతా ఆ చిన్న సైజుల మీదే పెట్టాలి.

మట్టాలు గీసుకోవడం

విశాఖలో చార్ట్ డేటమ్ (సముద్ర పటాల్లో లోతులు కొలిచే సున్నా మట్టం) నుంచి చూస్తే పౌర్ణమి, అమావాస్యల పోటు సుమారు +1.5 మీ., అప్పటి ఆటు +0.1 మీ., సగటు సముద్ర మట్టం +0.8 మీ. అంటే ఎక్కువలో ఎక్కువ 1.4 మీటర్ల పట్టీలోనే అంతర ఆటుపోటు జీవితమంతా ఇరుక్కుని ఉంటుంది. బ్రిటన్‌లో చాలాచోట్ల ఇది నాలుగైదు మీటర్లు. అక్కడి డ్రాయింగులు తెచ్చి ఇక్కడ అదే మట్టంలో గుంటలు పెడితే సగం గుంటలు రోజంతా ఎండిపోతాయి, మిగతా సగం ఎప్పుడూ మునిగే ఉంటాయి. ఒక అడుగు ఎత్తు తేడా వచ్చినా ఫలితం మారిపోయే తీరం మనది.

డ్రాయింగ్ మీద ఐదు పట్టీలు గీయండి. +1.5 పైన తుంపర పట్టీ, ఇక్కడ ఏమీ చేయనక్కర్లేదు. +0.6 నుంచి +1.1 మధ్య నీటి గుంటలు. 0.0 నుంచి +1.2 దాకా గాళ్లు, చిన్న చిల్లులు, గరుకు ముఖాలు. 0.0 కంటే కింద ఎప్పుడూ మునిగి ఉండే భాగం, అక్కడ సందుల సైజే ముఖ్యం. అడుగు నుంచి మీటరు దాకా బోడి పట్టీ, అక్కడ డబ్బు పెట్టవద్దు.

రాయి బరువు

జీవావరణం కోసం స్థిరత్వంలో రాజీ పడే ప్రశ్నే లేదు. కట్ట కూలితే దాని మీది జీవులూ పోతాయి. ప్రాథమిక డిజైన్‌కు హడ్సన్ సూత్రం చాలు. తుది డిజైన్‌ను వాన్ డర్ మీర్ సూత్రాలతో, పుణెలోని సీడబ్ల్యూపీఆర్ఎస్ (కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం) లాంటి చోట భౌతిక నమూనా పరీక్షతో తేల్చుకోవాలి.

హడ్సన్ సూత్రం: రాయి బరువు = (రాతి సాంద్రత × అల ఎత్తు ఘనం) ÷ (స్థిరత్వ గుణకం × (రాతి సాంద్రతను సముద్రపు నీటి సాంద్రతతో భాగించి 1 తీసేయగా వచ్చిన దాని ఘనం) × వాలు కోటాంజెంట్)

కట్ట మధ్య భాగంలో టో (కట్ట పాదం) దగ్గర లోతు −2.0 మీ. అనుకుందాం. పోటు +1.5, తుఫాను ఉప్పెన 1.0 కలిపితే నీటి లోతు 4.5 మీ. లోతును బట్టి విరిగే అల ఎత్తు అందులో 0.78 వంతు, అంటే 3.5 మీ. గరుకు క్వారీ రాయి రెండు పొరలు, విరిగే అలలు, గుణకం 2.0. వాలు 1:2. రాతి సాంద్రత ఘనపు మీటరుకు 2.65 టన్నులు, సముద్రపు నీరు 1.025. లెక్క వేస్తే 7.1 టన్నులు వస్తుంది.

ఇప్పుడు రెండు అంకెలు మార్చి చూడండి. ఉప్పెన 1.0కి బదులు 2.0 మీ. అనుకుంటే అల 4.3 మీటర్లవుతుంది, రాయి 13 టన్నులు దాటుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊళ్లో ఉప్పెనను తక్కువ చూపి రాయి తేలిక చేసుకోవడం తగని పని. రెండో అంకె సాంద్రత. తూర్పు కనుమల్లో దండిగా దొరికే ఖోండలైట్ వాతావరణానికి మెత్తబడుతుంది. అలాంటి రాయి సాంద్రత 2.5కి పడిపోతే కావలసిన బరువు 7.1 నుంచి 9.0 టన్నులకు పెరుగుతుంది. గట్టి చార్నకైట్ 2.75 ఉంటే 6.2 టన్నులు చాలు. క్వారీలో ఏ బెంచీ (మెట్టు) నుంచి వచ్చిన రాయో రాసుకుని, ప్రతి బెంచీకీ సాంద్రత, నీటి పీల్పు పరీక్ష చేయించండి. మెత్తని రాయికి గాళ్లు తేలిగ్గా పడతాయి, జీవులకూ నచ్చుతుంది. కానీ ఆర్మర్‌లో (అలలను తట్టుకునే బయటి పెద్ద రాళ్ల పొర) అది పనికిరాదు.

7 టన్నుల రాయి పక్క కొలత సుమారు 1.4 మీ., రెండు పొరల మందం 2.8 మీ. దాని కింది పొర ఆర్మర్ బరువులో పదో వంతు నుంచి పదిహేనో వంతు, అంటే 480–710 కిలోలు. కోర్‌కు (కట్ట లోపలి గర్భానికి) క్వారీ రన్, అంటే క్వారీ నుంచి వచ్చింది వచ్చినట్టే వాడే రాయి. ఇందులో మట్టి, పొడి 5 శాతం మించకుండా చూడాలి. కట్ట తలకాయ (సముద్రం వైపు కొస) దగ్గర అలల ఒత్తిడి ఎక్కువ, దాన్ని విడిగా లెక్కించి బరువు పెంచాలి. అంత పెద్ద రాయి క్వారీలో దొరకనప్పుడు టెట్రాపాడ్లు (నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు): అదే 3.5 మీ. అలకు, 2.4 సాంద్రత కాంక్రీటుతో, 1:1.5 వాలు మీద, గుణకం 7 తీసుకుంటే సుమారు 4 టన్నులవి సరిపోతాయి.

ఇక్కడొక మంచి సంగతి. రెండు పొరల గరుకు రాయిలో ఖాళీ 37 శాతం, టెట్రాపాడ్లలో 50 శాతం దాకా ఉంటుంది. అలల శక్తిని పీల్చే ఖాళీ, చేపలు దాక్కునే ఖాళీ ఒకటే. అందుకే జీవుల కోసమని ఆర్మర్ సందుల్లో చిన్న రాళ్లు కూరకండి. ఖాళీ పూడితే అల పైకి ఎక్కువ పాకుతుంది, లోపలి నీటి ఒత్తిడి పెరిగి రాళ్లను లేపుతుంది, కూరిన రాళ్లేమో మొదటి తుఫానుకే గుండ్లలా ఎగిరి పక్క రాళ్లను పగలగొడతాయి. చిన్న సందులు కావాలంటే రాయి ముఖం మీద చేయాలి, లేదా టో దగ్గర విడిగా కట్టాలి.

రాయి మీద గుంటలు, గాళ్లు

వేల్స్‌లోని టవిన్ దగ్గర గ్రానైట్ బ్రేక్‌వాటర్ రాళ్లకు కోర్ డ్రిల్‌తో గుంటలు తవ్వి చూశారు. 153 మి.మీ. వ్యాసం, కొన్ని 12 సెం.మీ., కొన్ని 5 సెం.మీ. లోతు. ఏడాదిన్నరలో వాటిలో చేరిన జాతుల సంఖ్య చుట్టుపక్కల సహజ గుంటల స్థాయికి వచ్చింది. పద్ధతి చవక, విరిగిపోయేది ఏమీ లేదు. 12 సెం.మీ. గుంట ఒకటి 2.2 లీటర్లు పట్టుకుంటుంది, తీసేసే రాయి 5.8 కిలోలు. ఏడు టన్నుల రాయికి నాలుగు గుంటలు తవ్వినా పోయేది మూడో వంతు శాతం, 23 కిలోలు. స్థిరత్వం మీద దీని ప్రభావం లెక్కలోకి రాదు.

మన దగ్గర ఈ పద్ధతిని మూడు మార్పులతో వాడాలి.

మొదటిది ఎండ. మే నెలలో నీరు తీసిన నల్లరాయి మీద చెయ్యి పెట్టలేం. 2 లీటర్ల నీరు గంటల్లో వేడెక్కి, ఆవిరై ఉప్పుతేరుతుంది. చల్లని దేశాల మార్గదర్శకాలు ఉత్తర ముఖాన్ని ఎంచుకోమంటాయి, నీడ ఉంటుందని. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఎండ ఎక్కువ కాసే రోజుల్లో ఉత్తర ముఖం కాపాడదు. పై రాయి చూరులా పొడుచుకొచ్చిన చోటే గుంట తవ్వాలి. లోతు కూడా 12 సెం.మీ. కంటే తగ్గనివ్వకండి, 15 అయితే మేలు.

రెండోది తవ్వే సమయం. క్వారీలోనే తవ్వేస్తే పని సులువు, కానీ రాయి పేర్చేటప్పుడు ఏ ముఖం పైకొస్తుందో ఎక్స్‌కవేటర్ ఆపరేటర్‌కే తెలియదు. గుంటలు సగం తలకిందులవుతాయి. అందుకే రాళ్లు పేర్చి, ఒక రుతుపవన కాలం గడిచి కట్ట సర్దుకున్నాక, జనవరి–మార్చి మధ్య ఆటు వేళల్లో డ్రిల్ చేయాలి. రిగ్‌ను రాయికి యాంకర్ బోల్టుతో బిగించాలి, బిట్‌కు నీరు ధారగా పడాలి. పని ముగిశాక బోల్టు తీసి రంధ్రం అలాగే వదిలేయండి, అదీ ఒక చిన్న ఇల్లే. ఆటు సమయం రోజుకు కొన్ని గంటలే, చార్నకైట్ గట్టిది. రోజుకు ఎన్ని గుంటలు పడతాయో మొదటి వారం చూసి షెడ్యూల్ వేసుకోండి, ముందే అంకె రాసి కాంట్రాక్టర్‌తో గొడవ పడవద్దు.

మూడోది ఇసుక. రుతుపవనాల్లో ఎగిసే ఇసుక గుంటల్ని నింపేస్తుంది. పాదం దగ్గర తవ్వకుండా +0.6 పైనే ఉంచితే చాలావరకు తప్పుతుంది.

గాళ్లకు యాంగిల్ గ్రైండర్ చాలు: 8–10 మి.మీ. వెడల్పు, 10–20 మి.మీ. లోతు, పొడవు అర మీటరు, అడ్డంగా. నిలువు గాడిలో నీరు నిలవదు. వాటి పక్కన 16 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. లోతు చిల్లులు, కొద్దిగా కిందికి వాల్చి. ఇవన్నీ ఒకే రాయి మీద గుమ్మరించకుండా, ప్రతి ఐదారు రాళ్లకు ఒకదాని మీద చేస్తే పాకే జీవులు ఒకచోటి నుంచి మరోచోటికి చేరగలుగుతాయి.

అసలు ఖర్చే లేని పని ఒకటుంది. రాళ్లు పేర్చేటప్పుడు పొరలు, పగుళ్లు, గుంతలు ఉన్న సహజ ముఖాన్ని బయటికి తిప్పడం. నీటి పట్టీలో పడే రాళ్లకు క్వారీలోనే పసుపు రంగు గుర్తు వేస్తే ఆపరేటర్‌కు ఏ ముఖం పైకి రావాలో తెలుస్తుంది. రంగు కొన్నాళ్లకు పోతుంది, రాయి ముఖం మిగులుతుంది.

కాంక్రీటు

కొత్త కాంక్రీటు ఉపరితలం పీహెచ్ 12–13 దాకా ఉంటుంది, సముద్రపు నీరు 8.1 చుట్టూ. మొదటి నెలల్లో దాని మీద అంటుకునేవి క్షారాన్ని తట్టుకోగల కొన్ని రకాలే. స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) కలిపిన సిమెంటు దీన్ని తగ్గిస్తుంది, క్లోరైడ్లనూ బాగా అడ్డుకుంటుంది. విశాఖలో ఉక్కు కర్మాగారం ఉంది కాబట్టి స్లాగ్‌కు దూరం వెళ్లక్కర్లేదు. సిమెంటులో సగం, అంతకు మించి స్లాగ్ ఉండే మిక్స్ ఎంచుకోండి. ఒక చిక్కుంది: తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. మామూలు సిమెంటుకు అలవాటు పడ్డ మేస్త్రీ మర్నాడే అచ్చు ఊడదీస్తే అంచులు రాలిపోతాయి. అచ్చు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు ఎత్తాలో క్యూబ్ పరీక్షలు చెప్పాలి, తారీఖు కాదు. అచ్చులకు పాత ఇంజిన్ ఆయిల్ పూయడం మామూలే. ఇక్కడ దాన్ని నిషేధించి, వృక్ష నూనెతో చేసిన విడుదల ద్రవం వాడించండి. నూనె పొర ఉన్న చోట లార్వా అంటుకోదు.

టెట్రాపాడ్ మీద లోతైన గుంటలు పెట్టాలన్న ఉత్సాహాన్ని ఆపుకోవాలి. అది ఇనుము లేని కాంక్రీటు. కాళ్లు మొదలయ్యే మెడ దగ్గర తన్యతా ఒత్తిడి ఎక్కువ, ఆ చోట 30 మి.మీ. గుంట పగులుకు దారి చూపిస్తుంది. కాలి కొసలు పక్క టెట్రాపాడ్లకు తగిలే భాగాలు, అక్కడ ఏం చేసినా అరిగిపోతుంది. కాలి నడిమి భాగంలో రబ్బరు లైనర్‌తో 5–10 మి.మీ. గరుకుదనం మాత్రం తెప్పించండి. లైనర్‌లో ప్రతి ఉబ్బుకూ పదికి ఒకటి వాలు ఉండాలి, లేకపోతే అచ్చు ఊడేటప్పుడు కాంక్రీటునూ పీక్కొస్తుంది.

లోతైన గుంటలు, గుహలు కావాలంటే విడిగా ఘనాకారపు దిమ్మెలు పోసి టో దగ్గర, బెర్మ్ (కట్ట వాలులోని మెట్టు) మీద వాడండి. క్రౌన్ వాల్‌లో (కట్ట పైన కట్టే గోడ) ఇనుముంటే గరుకు లోతును కవర్‌లో (ఇనుమును కప్పే కాంక్రీటు మందం) కలపకూడదు: గాడి అడుగు నుంచి ఇనుము దాకా 75 మి.మీ. ఉండాలి.

టో దగ్గర చిన్న దిబ్బలు

న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలండ్ దక్షిణ తీరాన, 2012 శాండీ తుఫాను తర్వాత స్కేప్ సంస్థ డిజైన్ చేసిన లివింగ్ బ్రేక్‌వాటర్స్ 2024లో పూర్తయ్యాయి. మొత్తం ఎనిమిది కట్టలు, కలిపి సుమారు 730 మీటర్లు. అక్కడి అసలు కిటుకు ముఖ్య కట్ట నుంచి సముద్రం వైపు వేళ్లలా పొడుచుకొచ్చే రాతి గట్లు, వాటి మధ్య సన్నని నీటి వీధులు. అలలు ఎక్కువగా తాకే మన తీరంలో బయటి వైపు అలాంటి గట్లు కట్టాలంటే వాటికీ ఆర్మర్ సైజు రాయి కావాలి. ఆలోచనను తీసుకుని, చోటు మార్చుకోవచ్చు: కొసకు దగ్గరి మూడో వంతులో, లోపలి వైపు, అడుగు −5 మీ. ఉన్న చోట.

ఒక్కో దిబ్బ 6 మీ. పొడవు, 3 మీ. వెడల్పు, 1.2 మీ. ఎత్తు. దిబ్బకు సుమారు 20 టన్నుల రాయి పడుతుంది. 50–200 కిలోలు, 300–700 కిలోలు, 1–2 టన్నులు అని మూడు సైజులు కలపాలి, పెద్దవి కింద, అడ్డ సందులు మిగిలేలా. దిబ్బకూ దిబ్బకూ మధ్య 4–5 మీటర్లు వదలండి. పైభాగం −3.5 మీ. కంటే పైకి రాకూడదు, లేకపోతే మరబోటు అడుగు తగులుతుంది. బోట్లు మలుపు తిరిగే టర్నింగ్ సర్కిల్, డ్రెడ్జింగ్ గీత రెండింటికీ బయటే ఉండాలి. డ్రెడ్జర్ ఒకసారి వచ్చిందంటే దిబ్బలకు మర్యాదేమీ చూపదు, అందుకే వాటి కోఆర్డినేట్లు హార్బర్ చార్టులో ఎక్కించండి.

ఇసుక మీద నేరుగా రాయి పోస్తే కొన్నేళ్లలో మింగేస్తుంది. కింద జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి ఇసుకను ఆపే బట్ట), దాని మీద 0.3 మీ. కంకర పొర తప్పనిసరి. ఆల్చిప్పల గుల్లలను ఇనుప తీగ బుట్టలైన గాబియన్లలో నింపి పెట్టే పద్ధతి ఫొటోల్లో బాగుంటుంది. ఈ ఉప్పు నీటిలో తీగ తుప్పు పట్టి గుల్లలన్నీ చెల్లాచెదురవుతాయి. ప్లాస్టిక్ వల అయితే ముక్కలై తాబేలు కడుపులోకి చేరుతుంది. రెండూ వద్దు.

టెండరు, పని వరుస

జీవావరణ పనులను 'మరియు ఇతర పనులు' కింద కలిపేస్తే అవి జరగవు. గుంట ఒక్కింటికి, గాడి మీటరుకు, గరుకు ముఖం చదరపు మీటరుకు, దిబ్బ టన్నుకు అని బీఓక్యూలో (పనుల పరిమాణాల పట్టిక) విడి ఐటెమ్‌లుగా రాయాలి. పని మొదలయ్యే ముందు కాంట్రాక్టర్ ఒక నమూనా రాయి, ఒక నమూనా కాంక్రీటు యూనిట్ చేసి చూపించాలి. ఆమోదించిన నమూనాను సైట్‌లోనే ఉంచి తర్వాతి వాటిని దానితో పోల్చాలి. గాడి లోతుకు 3 మి.మీ. అటూఇటూ సరే. గుంట మట్టానికి మాత్రం 10 సెం.మీ. మించి వెసులుబాటు ఇవ్వకండి.

ప్రశాంతమైన జనవరి–ఏప్రిల్ పనికి మంచి కాలం, తాబేళ్లు గుడ్లు పెట్టేదీ అప్పుడే. పూర్తిగా ఆపడం కుదరకపోతే బీచ్ మీదుగా టిప్పర్ల దారి వేయకూడదు, రాత్రి లైట్లను సముద్రం వైపు గానీ ఇసుక వైపు గానీ తిప్పకూడదు, పిల్లలు బయటికొచ్చే వారాల్లో సాయంత్రమే పని కట్టేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి మరబోట్ల రాకపోకలు తక్కువ, దిబ్బల పని ఆ రోజుల్లో పెట్టుకోవచ్చు. మడ్డిని ఆపే తెరలు అలలున్న బయటి వైపు నిలవవు. అక్కడ మడ్డిని క్వారీలోనే ఆపాలి, అంటే జల్లెడ పట్టాలి. కోర్ పోసి ఆర్మర్ కప్పకుండా వదిలే పొడవు తక్కువగా ఉంచండి. ఒక్క వాయుగుండం చాలు, కోర్ అంతా అడుగున పరుచుకోవడానికి.

కట్ట పైన దారి వేస్తే దాని మీదుగా కుక్కలు, ఎలుకలు కొస దాకా వెళ్తాయి. పక్షులు వాలే చోటు కావాలనుకుంటే కొసకు ముందు గేటు పెట్టండి. జాలర్లకు తాళం చెవి ఇవ్వడం మరిచిపోకండి, లేకపోతే గేటు వారం కూడా ఉండదు.

తనిఖీ, మరమ్మతు

కట్ట మీద జీవం చేరే వరుస ఇది: మొదట జిగురు పొర, పచ్చని నాచు, తర్వాత బార్నకిల్స్, ఆ తర్వాత ఆల్చిప్పలు, మసెల్స్. పచ్చ నాచు దశలో మురికి పట్టిందని గోకేయించిన సందర్భాలు ఉంటాయి, నిర్వహణ సిబ్బందికి ముందే చెప్పాలి. 1, 3, 6, 12, 24 నెలలకు, ఆపై ఐదేళ్ల దాకా ఏటా లెక్క తీయండి. అర మీటరు చదరపు ఫ్రేముతో, మూడు మట్టాల్లో, మట్టానికి పది చోట్ల. అదే కట్ట మీద ఏమీ చేయని రాళ్లను, దగ్గరి సహజ రాతి తీరాన్ని కూడా అదే రోజుల్లో, అదే పద్ధతిలో లెక్కించాలి. ఈ రెండూ లేకపోతే ఫలితం ఏర్పాటు వల్ల వచ్చిందో, ఆ ఏడాది లార్వాలు ఎక్కువై వచ్చిందో తేలదు. నీరు మడ్డిగా ఉన్న నెలల్లో నీటి అడుగు కెమెరా ఏమీ చూపదు. చేపల లెక్కను డిసెంబరు–మార్చిలో పెట్టుకోండి.

జాతుల సంఖ్యతో పాటు ఏ జాతులన్నది రాయించండి. నల్లచారల మసెల్ లాంటిది గుంటల్లో కనిపిస్తే అది గుత్తులు కట్టక ముందే, చేత్తో ఏరేసే దశలోనే ఆపాలి. పచ్చ మసెల్స్ బాగా పెరిగితే ఏరుకునేవాళ్లు వస్తారు. గునపంతో రాయి అంచులు విరగ్గొట్టకుండా, మురుగు కలిసే లోపలి వైపువి తినకుండా మత్స్యకార సంఘంతో ఒప్పందం చేసుకోవడం కాపలా పెట్టడం కంటే మెరుగ్గా పనిచేస్తుంది.

ప్రతి తుఫాను తర్వాత, రుతుపవనాలు ముగిశాక ఒకసారి కట్ట ప్రొఫైల్ సర్వే చేయాలి. కదిలిన రాళ్లను తిరిగి పేర్చేటప్పుడు గుంటలున్న రాయి ఏ మట్టంలో, ఏ ముఖం పైకి ఉండేదో చూడటానికి నిర్మాణం పూర్తయిన రోజునే ప్రతి రాయికీ నంబరు, మట్టం, ఫొటో ఉన్న రిజిస్టర్ తయారై ఉండాలి. కొత్తగా తెచ్చే రాయికి గుంట తవ్వే ఐటెమ్‌ను వార్షిక మరమ్మతు అంచనాలోనే పెట్టించండి. పాత రాళ్లలో బాగా జీవం పట్టినవి పక్కకు దొర్లి ఇంకా నీటి పట్టీలోనే స్థిరంగా కూర్చుని ఉంటే, ఆర్మర్‌లో ఖాళీ ఏర్పడనంత వరకు వాటిని కదపకుండా వదిలేసి, ఖాళీ పడిన చోట కొత్త రాయి పెట్టడం మేలు.